మాటల్లేని ఇంట్లోకి ఒక లాప్‌టాప్

జూన్ 3

బుల్లి మేస్త్రీకి,

మీ బావ దీవెనలు. గనుల దగ్గర పని ముగించుకుని, ఫోన్లు పనిచేసే లోకంలోకి తిరిగొచ్చావని మీ అక్క చెప్పింది. సంతోషం. నువ్వు చేసిన ఫోన్లు నేను ఎత్తలేదని నొచ్చుకోకు. గొంతు సంగతి మీ అక్క నీకు చెప్పే ఉంటుంది కనుక ఆ పురాణం మళ్ళీ విప్పను. పోనీ ఫోన్లో రాసి పంపమంటావేమో. బస్సు డిపో స్టోర్స్‌లో నట్లూ బోల్టులూ ఏరిన వేళ్ళివి. ఆ బుల్లి అద్దం మీద వేలు పెడితే అక్షరం కనబడదు, వేలే కనబడుతుంది. అందుకని కాగితం.

విషయానికొస్తాను. నాకొక లాప్‌టాప్ కావాలి. విండోస్‌దే కావాలి. వేరే రకాలున్నాయనీ, సన్నగా అందంగా ఉంటాయనీ నువ్వు చెప్పబోతావు. చెప్పకు. నాకు కావలసిన ప్రోగ్రాము విండోస్ మీదే నడుస్తుందని ఆ అమ్మాయి చెప్పింది. పైగా నాకు తెలిసింది అదొక్కటే. అది కూడా ఎప్పటి మాట! స్టోర్స్‌లో నా బల్ల మీది కంప్యూటర్ నీకు గుర్తుండాలి. వెనక గుమ్మడికాయంత బుర్ర, కింద ఇనప్పెట్టె. పొద్దున స్విచ్ వేసి, నేను టీ తాగి, ఊడ్చే ఆవిడతో లోకాభిరామాయణం ముగించి వచ్చేసరికి తీరిగ్గా లేచేది. నన్ను టైర్ల సెక్షన్‌కి మార్చాక మళ్ళీ దాని మొహం చూడలేదు. టైర్లకి కంప్యూటర్ అక్కర్లేదు, సుద్దముక్క చాలు. తర్వాత రిటైరయ్యాను. ఎలా చూసినా పద్నాలుగు పదిహేనేళ్ళ ఎడబాటు.

నాకు కావలసినవి పెద్దగా ఏమీ లేవు. మూత తీయగానే లేవాలి. టీ తాగేంత వ్యవధి ఇప్పుడు నా దగ్గర లేదు. అక్షరాల మీటలు విడివిడిగా, పెద్దగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, శబ్దం గట్టిగా రావాలి. హాల్లో మోగింది వంటింట్లో కుళాయి పారుతున్నా సరే, మాటగా వినబడాలి.

వీధి చివర కొత్తగా ఒక లాప్‌టాప్‌ల షాపు పెట్టారు. వెళ్ళాను. "గేమింగ్‌కా, ఆఫీసుకా?" అని అడిగాడు షాపాయన. "సంసారానికి" అని చీటీ రాసిచ్చాను. అలాంటి మోడల్ రాలేదన్నాడు.

కాబట్టి నువ్వే ఎంచి పంపు. మీ అక్క కళ్ళు అలాగే ఉన్నాయి. శుక్లం తీయించుకోవడం నా మూలాన వాయిదా పడింది.

ఉంటాను,
బావ


జూన్ 11

బావగారికి నమస్కారాలతో,

మా సర్వీస్ సెంటర్‌కి చేత్తో రాసిన ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. రిసెప్షన్‌లో దాన్ని కోర్టు నోటీసనుకుని మేనేజర్ బల్ల మీద పెట్టారు. ఆయన రెండు రోజులు భయపడి, ఆ తర్వాత పేరు చదివి నాకిచ్చాడు.

గొంతు సంగతి తెలుసు. నేను గనులకి బయలుదేరే ముందే బొంగురుపోయిందని అక్క చెప్పింది. ఇంకా తగ్గలేదా? మీరు దేన్నీ పట్టించుకోరు. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు వేసి పూటపూటా పుక్కిలించండి. కొన్నాళ్ళు మాటలు తగ్గించండి. అది మీకు ఎంత కష్టమో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మీరు మా ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటే, మీ కబుర్లు పూర్తయ్యేసరికి మా నాన్న చెయ్యి కంచంలోనే ఎండిపోయేది.

ఇక లాప్‌టాప్. బావా, మీరు లేనప్పుడు చాలా జరిగాయి. సీడీ పెట్టే సొరుగు పోయింది. దానికోసం వెతక్కండి, పక్కన ఎంత తడిమినా దొరకదు. లోపల గిరగిర తిరిగే డిస్కు కూడా పోయింది, దాని బదులు చిప్ వచ్చింది. అందుకే మీరు మూత తీసి కళ్ళజోడు పెట్టుకునేలోగా లేస్తుంది. స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకి జరిగింది. ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పలేదు. మనం "మై కంప్యూటర్" అనుకునేవాళ్ళం కదా, అది ఇప్పుడు "దిస్ పీసీ" అంటోంది. నాది అనడం మానేసింది.

ర్యామ్ గురించి షాపాయన మిమ్మల్ని బెదరగొడతాడు. డిస్కు అంటే బీరువా, ర్యామ్ అంటే బల్ల. బీరువా ఎంత పెద్దదైనా బల్ల ఇరుకైతే పని సాగదు. మీ స్టోర్స్ కంప్యూటర్‌కున్న బల్లకి ముప్పై రెట్లది మీకు ఇప్పిస్తాను. అంత దేనికి అనకండి. ఇప్పుడు అది మామూలు.

అసలు ఎందుకు కావాలో మాత్రం రాయలేదు. సినిమాలకా? శబ్దం అంత గట్టిగా ఎందుకు, పక్కింటివాళ్ళతో ఏమైనా తేడా వచ్చిందా? ఏ ప్రోగ్రామో, ఏ అమ్మాయో కూడా రాయలేదు. పని తెలిస్తే సరుకు ఎంచడం తేలిక. ఈ మాట మీరే నాకు నేర్పారు.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది


జూన్ 19

బుల్లి మేస్త్రీకి,

ఉప్పునీళ్ళ గురించి నువ్వు రాసిన పేజీ డాక్టరుగారికి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు. "మీ బావమరిది ఏం చేస్తుంటారు?" అన్నాడు. కంప్యూటర్లు బాగుచేస్తాడని రాసిచ్చాను. "అదీ!" అన్నాడు. నా గొంతుకి ఇక పుక్కిలింతలతో పని లేదట.

లాప్‌టాప్ ఎందుకని అడిగావు. తెలిసి తెలిసి అడుగుతావేం? ఇంట్లో మాటల్లేవు. మార్చి నుంచీ ఇదే వరస. చెప్పదలచుకున్నది చీటీ మీద రాస్తాను. మీ అక్క కళ్ళజోడు వెతుక్కుంటుంది. దొరికాక వెలుతురు కోసం కిటికీ దగ్గరికి వెళుతుంది. చీటీని ముక్కుకి ఆనించుకుని "ఇదేం అక్షరమండీ?" అంటుంది. ఈలోగా దేనికి కోపం వచ్చిందో నేనే మరిచిపోతాను. పోట్లాటకొక నడక ఉంటుంది మేస్త్రీ. కంచం ముందు అన్న మాటకి చెయ్యి కడుక్కునేలోగా జవాబు పడాలి. గంట తర్వాత పడితే అది పోట్లాట కాదు, ఆఫీసు ఉత్తరం. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ లెక్కన ఈ ఇంట్లో మార్చి నుంచి నేను ప్రతిదానికీ సగం ఒప్పుకుంటూ వస్తున్నాను. వంటింటి గోడకి లేత గులాబీ రంగు వేయించింది. ఇంకో ఆర్నెల్లు ఇలాగే ఉంటే హాల్లోకీ వస్తుంది.

ఆ అమ్మాయి దగ్గరికి మంగళ, శుక్రవారాలు వెళుతున్నాను. ఓర్పు గల పిల్ల. ఎదురుగా కూర్చుని, నా పెదవులు కదిలిస్తే చాలు, ఏమనుకుంటున్నానో చెప్పేస్తుంది. మీ అక్కకి ఇన్నేళ్ళ కాపురంలో పట్టుబడని విద్య. ఆమె దగ్గరున్న లాప్‌టాప్‌లోనే ఆ ప్రోగ్రాము చూశాను. చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

షాపుకి మళ్ళీ వెళ్ళి అయిదు లాప్‌టాప్‌ల మూతలు తెరిపించాను. అన్నిటిదీ ఒకటే మొహం. ఒకదానికి తెర మీద వేలితో ముట్టుకుంటే చాలట. అది వద్దు. మీ అక్క దుమ్ము తుడిచినప్పుడల్లా ఏం తెరుచుకుంటుందో, ఎవరికేం వెళ్ళిపోతుందో చెప్పలేం.

త్వరగా చూడు.

బావ


జూన్ 28

బావగారికి,

గొంతుకి ఇక పుక్కిలింతలతో పని లేదన్నారు, నయమైనందుకు సంతోషం. మిగతా ఉత్తరం చదివాక సంతోషం లేదు.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. "ఏంటక్కా, ఇంట్లో మాటల్లేవటగా?" అన్నాను. "లేవురా. ఇక ఉండవు కూడా. ఇల్లు బావురుమంటోంది. అలవాటు చేసుకుంటున్నా" అంది. "తప్పెవరిదక్కా?" అన్నాను. "ఎవరినని ఏం లాభం? మొదట్లోనే కనిపెట్టాల్సింది, నేనే పట్టించుకోలేదు" అని ఏడ్చింది. "మరి ఆ అమ్మాయి సంగతి నీకు తెలుసా?" అని అడిగాను. "తెలుసు, బంగారంలాంటి పిల్ల. నేనే దగ్గరుండి పంపిస్తున్నా" అంది. బావా, నా చేతిలో స్క్రూడ్రైవర్ జారి ఒక కస్టమర్ మదర్‌బోర్డు మీద పడింది. ఇంకేమీ అడగలేక పెట్టేశాను.

పెద్దవారు, మీకు చెప్పేంతవాణ్ణి కాదు. కానీ బావమరిది బతకగోరు అన్నారు కదా, ఆ హక్కుతో చెబుతున్నాను. ఆలుమగల కలహం అన్నం తినేదాకా అంటారు. మీది మార్చి నుంచి నడుస్తోంది. అన్నాళ్ళు అన్నం తినకుండా ఎవరూ ఉండరు. పాపం అక్క మాట్లాడుతూనే ఉన్నట్టుంది, బిగుసుకు కూర్చున్నది మీరే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. పంతం మానండి. ఆ అమ్మాయి ఎవరో గానీ, ఆమెకి ఒక నమస్కారం పెట్టి దూరంగా ఉండండి. మీ పెదవులు చూసి మనసు చదివే వయసు ఆమెకీ కాదు, చదివించుకునే వయసు మీకూ కాదు.

లాప్‌టాప్ ఒకటి చూసి పెట్టాను. పదిహేను అంగుళాల తెర. చీకట్లో మీటల కింద వెలుగొస్తుంది. స్పీకర్లు పైకి తిరిగి ఉన్నాయి. చాలావాటికి అవి అడుగున ఉంటాయి, అందులోంచి వచ్చేది ఒడికే వినబడుతుంది, ఊరికి కాదు. దీనిది గట్టి గొంతు. ఇందులో ఇంకా కొంచెం పని ఉంది.

ఆలోచించండి.

మీ బావమరిది


జులై 6

బుల్లి మేస్త్రీకి,

నీ ఉత్తరంలో సగమే అర్థమైంది. ఆ సగం లాప్‌టాప్ గురించి. స్పీకర్లు పైకి ఉండటం మంచిది.

మిగతా సగం మూడుసార్లు చదివాను. పంతం ఏమిటి? ఇందులో పంతానికి చోటెక్కడుంది? ఆ అమ్మాయికి నమస్కారం పెట్టి దూరంగా ఉండమన్నావు. కుదరదు, ఫీజు ముందే కట్టేశాం. మీ అక్కే కట్టింది. గనుల దుమ్ము నీ తలలోకి ఏమైనా వెళ్ళిందేమో చూపించుకో.

ఇక్కడ మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. పళ్ళెం మీద గరిటెతో ఒక దెబ్బ కొడితే మీ అక్క ఇటు రావాలి. రెండు కొడితే ఫోన్ మోగుతోందని. మూడు కొడితే "నేను అలా అనలేదు" అని. మూడు దెబ్బలే ఎక్కువ పడుతున్నాయి. మొన్న కింది వాటాలో వాళ్ళు పైకొచ్చి, ఇంట్లో ఏమైనా బాగుచేయిస్తున్నారా అని అడిగారు. మీ అక్క అవునంది.

తనకేమో ఏదైనా చెప్పబోయి సగంలో ఆగిపోయే అలవాటు కొత్తగా పట్టుకుంది. నోరు తెరుస్తుంది, నన్ను చూస్తుంది, గిన్నె తోముకుంటుంది. పూర్వం ఇలా ఉండేది కాదు. తను ఒకటంటే నేను రెండనేవాణ్ణి, నేను రెండంటే తను నాలుగు. ఇద్దరం అలిసిపోయి పడుకునేవాళ్ళం. ఇప్పుడు ఇద్దరికీ నిద్ర పట్టడం లేదు.

అందుకే అడుగుతున్నాను. అందులో ఇంకా ఏం పనుంది? స్టోర్స్‌లో బ్రేకు సామాను కోసం డ్రైవర్లు ఇలాగే వచ్చి నిలబడేవాళ్ళు. "వస్తోంది, వస్తోంది" అనేవాణ్ణి. వాళ్ళ మొహాలు ఇప్పుడు గుర్తొస్తున్నాయి. పంపు.

బావ


జులై 14

బావగారికి,

లాప్‌టాప్ సిద్ధంగా ఉంది. నా బల్ల మీదే ఉంది. విండోస్ ఎక్కించాను, అప్‌డేట్లన్నీ అయిపోయాయి, తెలుగు అక్షరాలు పెట్టాను. సంచీ కూడా కొన్నాను.

కానీ పంపను.

పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలుస్తారా మా అక్కని? ఆవిడేమైనా దొడ్లో మేకా? పైగా ఆ సంగతి నాకే రాస్తారా? మా నాన్న ఉంటే ఈ ఉత్తరం చదివి ఏమనేవాడో తెలియదు గానీ, లాప్‌టాప్ మాత్రం కొననిచ్చేవాడు కాదు. నాకు ఒకటి తోస్తోంది. ఆ యంత్రం మీ చేతికొస్తే మీరు దాని ముందే కూర్చుంటారు. ఆ అమ్మాయి చూపించిన ప్రోగ్రాము ఏదో అందులో తెరుచుకుంటుంది. ఆ తర్వాత పళ్ళెం చప్పుడు కూడా ఉండదు. మా అక్క కాపురంలో నా చేత్తో నేను నిప్పు పెట్టలేను.

కోపం తెచ్చుకున్నా సరే, నాదొక షరతు. అక్కతో ఒక్క మాట మాట్లాడండి. పెద్ద మాటలేం అక్కర్లేదు. ఒకే ఒక్క మాట, చీటీ కాదు, గరిటె కాదు, మీ నోటితో. బావ మాట్లాడారని అక్క నాకు ఫోన్ చేసిన రోజే పార్సిల్ కట్టేస్తాను.

మీ బావమరిది


జులై 23

బుల్లి మేస్త్రీకి,

నీ షరతు అందింది. ఒక్క మాట నోటితో మాట్లాడమన్నావు.

నా వల్ల అయ్యేదైతే మొన్న సోమవారం మాట్లాడేవాణ్ణి.

ఆ రోజు నేను బయటినుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాను. మీ అక్క హాల్లో స్టూలెక్కి, పై అరలోంచి దుప్పట్లు దించుతోంది. ఆ స్టూలు కాలు బీటలు వారింది. నేను చూశాను, తనకి కనబడదు. "దిగు" అనాలి. రెండే అక్షరాలు. నోరు తెరిచాను. మార్చిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశాక నా ఊపిరి నోట్లోంచి రాదు, మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి పోతుంది. అక్కణ్ణుంచే పోయింది. తను ఇటు చూడటం లేదు. నేను పరిగెత్తి పట్టుకునే దూరం కాదు. చేతికందిన స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి తిరిగింది, స్టూలు కూలింది.

కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. గ్లాసు కొట్టకపోయినా పడేదాన్నే అంటోంది. అది తన మంచితనం.

ఇప్పుడు చీటీ పట్టుకోవడానికి తనకి ఒక చెయ్యే ఉంది. కళ్ళజోడు పట్టుకుంటే చీటీ పట్టుకోలేదు. నేను పట్టుకుని నిలబడుతున్నాను.

నీ ఉత్తరం తనకి ఎవరిచేతా చదివించలేదు. లాప్‌టాప్ నీ దగ్గరే ఉంచుకో. షాపాయన దగ్గర ఏదో ఒకటి తీసుకుంటాను. ఆ అమ్మాయి, అదే, ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ, తానే వచ్చి, టైపు చేసింది పైకి చదివే ఆ ప్రోగ్రాము పెట్టిస్తానంది.

బావ


జులై 30

బావా,

నాకు తెలియదు.

అక్కకి ఫోన్ చేశాను. నేను అడిగింది ఒకటే, "మార్చిలో ఏం జరిగిందక్కా?" అని. "అదేంట్రా, బావ నీకు అంతా రాశారనుకున్నానే" అంది. కాదు, నువ్వు చెప్పావని ఆయన రాశారన్నాను. నేను గనుల దగ్గర ఉండగా గొంతులో గడ్డ అని తేలడం, ఆపరేషన్, ఇంటికి రావడం అన్నీ అయిపోయాయి. నేను వచ్చాక మీరు చెప్పారని తనూ, తను చెప్పిందని మీరూ అనుకున్నారు. నాకు చెప్పిందల్లా మాటల్లేవని. మాటల్లేవంటే అలక అనుకున్నాను బావా. లోకంలో ఎవరైనా అదే అనుకుంటారని నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, నమ్మకం కుదరడం లేదు.

మీకు రాసినవన్నీ తలుచుకుంటున్నాను. ఉప్పునీళ్ళు, నోరు మంచిదైతే, ఒక్క మాట. ఆ డాక్టరుగారికి నా తరఫున ఏమీ చెప్పకండి. ఆ అమ్మాయికి కూడా.

సెలవు అడగడానికి మేనేజర్ గదిలోకి వెళ్ళాను. ఎందుకన్నాడు. చెప్పబోతే గొంతు పెగల్లేదు. ఆయన నా మొహం చూసి, కాగితం ముందుకు తోశాడు. రాసిచ్చాను. ఒక నిమిషం పట్టింది. ఆ ఒక్క నిమిషమే నాకు చాలా పెద్దదిగా ఉంది.

ఎల్లుండి బస్సెక్కుతున్నాను. లాప్‌టాప్ పార్సిల్ వేయను, ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు రావచ్చు. అలాగైతే ఇది వచ్చినప్పుడు చదవకుండా చింపేయండి.

మీ బావమరిది


ఆగస్టు 14

బావగారికి,

క్షేమంగా చేరాను. బస్సులో నా పక్కన కూర్చున్నాయన దారి పొడవునా మాట్లాడాడు. ఇదివరకైతే నిద్ర నటించేవాణ్ణి. ఈసారి దిగేదాకా విన్నాను.

మీ గుమ్మంలో ఏమని మొదలుపెట్టాలో బస్సంతా అనుకుంటూ వచ్చాను. మీరు తలుపు తీసి, సంచీ అందుకుని, నా చేతిలో చీటీ పెట్టారు. "లోపలికి రా. ఉప్పునీళ్ళు పెట్టమంటావా?" అని ఉంది. అది జేబులోనే ఉంది. చీటీ మీద కూడా మీ చేతిరాత అక్క అన్నంత అన్యాయంగా ఏమీ లేదు.

ఇక్కడ సర్వీస్ సెంటర్‌లో మా వాళ్ళకి లాప్‌టాప్‌కి గొంతు ఎంచిన సంగతి చెబితే నమ్మడం లేదు. ప్రోగ్రాములో మగగొంతు, ఆడగొంతు రెండూ ఉన్నాయి, మగగొంతు పెడుతున్నానన్నాను. అక్క కళ్ళు మూసుకుని విని, "ఎవరో పరాయి మగాడు నా వంటింట్లో నిలబడి నన్ను కోప్పడటం ఏంటి? తీసేయ్. ఆడగొంతే పెట్టు, ఆడపడుచు అనుకుంటా" అంది. మీరు అప్పుడు భుజాలు ఎగరేస్తూ నవ్వారు. చప్పుడు లేని నవ్వు నేను చూడటం అదే మొదలు. అక్క మాత్రం చూడకుండానే, "నవ్వింది చాల్లెండి" అంది. ఎలా తెలిసిందని అడగడం మరిచిపోయాను.

పాస్‌వర్డ్ కాగితం మీద రాసి లాప్‌టాప్‌కే అంటించకండి. నేను బయలుదేరుతుండగా మీరు జిగురు కోసం వెతకడం చూశాను. మూత వేసినంత మాత్రాన అది ఆగిపోదు, నిద్రపోతుంది అంతే. అప్‌డేట్ అని అడిగితే పోట్లాట మధ్యలో ఒప్పుకోకండి. తర్వాత అని నొక్కండి.

ఎలా నడుస్తోందో రాయండి.

మీ బావమరిది


ఆగస్టు 29

బుల్లి మేస్త్రీకి,

దీవెనలు. ఇది కూడా చేత్తోనే రాస్తున్నాను. టైపు చేస్తే అది పైకి చదివేస్తోంది, మీ అక్క పక్కగదిలోనే ఉంది.

నడుస్తోంది. స్టార్ట్ బటన్ మధ్యలో ఉండటానికి అలవాటు పడ్డాను, చెయ్యి మాత్రం ఇంకా ఎడమ మూలకే పోతోంది. నువ్వు పెట్టిన ఆడపడుచుకి తెలుగు వచ్చు గానీ కోపం రాదు. "ఎన్నిసార్లు చెప్పాలి" అని కొడితే, నిజంగా ఎన్నిసార్లో తెలుసుకోవాలన్నట్టు అడుగుతుంది. మీ అక్క "రెండుసార్లు చాలు" అని జవాబిస్తుంది. హాలుకి గులాబీ రంగు ఆపగలిగాను. వంటిల్లు పోయినట్టే.

మొన్న ఆదివారం మాత్రం అసలైన పోట్లాట జరిగింది. తన కళ్ళ ఆపరేషన్ గురించి. చేతి కట్టు విప్పగానే చేయించుకోమన్నాను. నా గొంతుకి మళ్ళీ పరీక్షలున్నాయి కదా, అవి అయ్యాక చూద్దామంది. ఇప్పటికే ఒకసారి నా మూలాన వాయిదా వేశావన్నాను. వేస్తే వేశాను, మీరు మంచానపడితే నేను కళ్ళకి గంతలు కట్టుకుని కూర్చోనా అంది. నేను కొడుతున్నాను, ఆడపడుచు చదువుతోంది, తను అందుకుంటోంది. నడక కుదిరింది మేస్త్రీ. వేళ్ళు నొప్పి పుట్టాయి. చాలా హాయిగా ఉంది.

చివరికి ఒళ్ళు మండి "నీ మాట వినను" అని కొట్టాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేలా పెట్టావు కదా, తొందరలో 'న' మీట రెండుసార్లు పడింది, దీర్ఘం అదే పెట్టుకుంది. ఆడపడుచు హాలంతా మోగేలా, నిదానంగా, "నీ మాట విన్నాను" అంది.

మీ అక్క ఆగిపోయింది. నేను సరిదిద్దబోయాను. చెరిపే మీట ఎక్కడుందో నాకు తెలుసు. నొక్కలేదు.

తను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "మార్చి నుంచి నేనూ నోరు కట్టేసుకున్నానండీ" అంది. "జవాబు చెప్పలేని మనిషి ముందు వాగడం మిమ్మల్ని ఉడికించినట్టుంటుందని. ఎన్ని మాటలు మింగానో. మీకేం, మీది తీసేశారు. నాకు ఉండీ లేకపోయింది."

ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో ఎవరెవరితో ఏం మాట్లాడిందో, నర్సు ఏమందో, కింది వాటా ఆవిడ ఎంత గడుసుదో, నాకు తెలియకుండా ఎన్నిసార్లు ఏడ్చిందో, గులాబీ రంగు తనకి కూడా అంతగా నచ్చలేదనీ. నేను మీటల మీంచి చేతులు తీసేశాను. వీధి దీపాలు వెలిగేదాకా చెబుతూనే ఉంది. మధ్యలో తెర ఆరిపోయింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని లేపలేదు.

కళ్ళ ఆపరేషన్‌కి వచ్చే నెలలో తేదీ తీసుకుంది. తనే ఫోన్ చేసి తీసుకుంది. పోట్లాట నేనే గెలిచానని నీకు రాద్దామనుకున్నాను గానీ, రాయడం లేదు. ఉత్తరాలన్నీ సొంతంగా చదువుకునే రోజు తనకి దగ్గర్లోనే ఉంది.

బావ